అంగడియు నివాసమును

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పద్మశాలి సంఘ వార్షిక మహాసభయం దొసగబడిన ఉపన్యాస పాఠము)

  

 మన వార్షిక సభలయందు విద్యను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, మగ్గముల దుస్థితిని గూర్చియు పెద్దలు పెక్కు పర్యాయములు ప్రసంగించి యున్నారు. నేను నేడు మాటలాడ బూనినది వానికంటె చిన్నదిగా గన్పట్టు విషయము. కష్టజీవి తాను పనిచేయు చోటి కెంత దూరమున నిద్రింపవలయును? ఇదియే నా ప్రశ్న. ఈ ప్రశ్నకు మన మూడు పట్టణములయందును ఇప్పుడే సమాధానము చెప్పుకొననిచో, మరి యిరువది సంవత్సరములకు చెప్పుకొనుటకు స్థలము మిగిలి యుండదు. కావున దీనిని మీ యెదుట బెట్టుచున్నాను.

నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. పట్టణ మధ్యమునందు క్రొత్తగా కట్టు ప్రతి బజారునకును పైనగాని, ప్రక్కనగాని, ఆ బజారులో శ్రమించువారికి తగు అద్దెయిండ్లు కట్టవలయును. ఈ మాటను ప్రభుత్వమువారితో చెప్పుటకు ముందు, మన సంఘమున కధీనమైన స్థలములయందు మనమే చేసి చూపవలయును.

మగ్గపుటిల్లు

ఇల్లును పనియును ఒక్క కప్పుక్రింద నుండుట యనగా నేమో మనకు వేరొకరు నేర్పనక్కరలేదు. గుంటమగ్గ మున్న యింట తండ్రి నేయుచుండగా తల్లి కండెలు చుట్టెడిది. ముసలమ్మ రాట్నము త్రిప్పెడిది. పిల్లలు ఆసు పోసెడివారు. పడుగు సరిచేయుటకు ఇల్లు చాలకున్నచో వీధి యుండెను. తెల్లవారకమున్నే వీధి పొడవునను పడుగు సాచి గంజిపెట్టి కుంచెతో దువ్వుచుండగా, ఆ వేళకు బండ్లవారు సైతము ప్రక్కదారిని పోయెడివారు. ఆ యింటి కొలతలు మగ్గమును బట్టి యేర్పడినవి. ఆ వీధి వెడల్పు పడుగును బట్టి యేర్పడినది. దానిలో దారిద్ర్యము లేదని నే ననను. గుంటలో తేమయు, చాలని వెలుతురును, కీళ్లనొప్పులును మనకు తెలిసినవే. అయినను పనికి పోవుటకు కూలివాడు తన కూలిలో భాగమును దారిబత్తెముగా చెల్లించు దుస్థితి మాత్రము ఆ వీధిలో లేకుండెను.

మగ్గము కుంటుపడిన పిమ్మట మనవారు దేశములు పట్టిపోయిరి. బొంబాయి, షోలాపురము, భీవండి, సూరతు పట్టణములకు తెలంగాణమునుండి పోయిన నేతకుటుంబములను లెక్కించుట కష్టము. వారి యనుభవమునుండి రెండు విషయములు గ్రహింపదగి యున్నవి.

బొంబాయియు షోలాపురమును

బొంబాయి నిర్మాణమున తెలుగువారి చెమట పాలు తక్కువది కాదు. నిజాము రాజ్యమునుండి పోయి ఇండ్లు కట్టు పనులయందు కుదిరిన కామాఠీల పేరనే అక్కడ కామాఠీపుర మేర్పడినది. తరువాత మిల్లులలో పనికి మనవారు పోయిరి. 1920 తరువాత బొంబాయి అభివృద్ధి శాఖవారు కార్మికులకై వర్లి, నాయిగాం, శివ్డీ, డిలైల్ రోడ్డులయందు చాళ్లను కట్టించిరి. అవి మొత్తము 207 కట్టడములు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అంతస్తు నందరికిని ఉమ్మడి. అట్టి గదిలో ఒక కుటుంబమే కాక, ఊరినుండి వచ్చిన బంధువులును పండుకొనెడివారు. గది యిరుకు, నిజమే. కాని మిల్లుకూత విని నడచిపోగల దూరమున నుండుటచేతనే ఆ యిరుకును శ్రామికులు తరములు తరములుగా భరించిరి. ఇప్పు డా చాళ్లను పడగొట్టి, అచ్చటనే ఒక్కొక్క కుటుంబమునకు 500 చదరపు అడుగుల ఇండ్లు కట్టుచున్నారు. తమను దూరమునకు పంపవలదనియే అచ్చటివారి ముఖ్యమైన కోరిక యైనది.

షోలాపురము కథ వేరు. అచ్చట బీడీలు చుట్టు స్త్రీలలో తెలుగువారు, అందును మనవారు, అధికముగా నున్నారు. ఆడం నర్సయ్యగారి నాయకత్వమున వారు సహకార సంఘముగా నేర్పడి, పట్టణము వెలుపల కుంభారి గ్రామమువద్ద గోదూతాయి పరులేకర్ పేర 10,000 ఇండ్ల కాలనీ సాధించుకొనిరి. 2006 సెప్టెంబరులో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గారు వానిని లబ్ధిదారుల కప్పగించిరి. తరువాత అదే ప్రాంతమున 30,000 ఇండ్ల రాయనగరము తలపెట్టబడి, అందు 15,000 ఇండ్లు 2024 జనవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారిచే అప్పగింపబడినవి. ఒక్కటొక్కటిగా నిలిచినచో ఎవరును లెక్కచేయని స్త్రీలు సంఘముగా నిలిచి నందున ఇన్నివేల గృహములు పొందిరి. ఇది మన కెల్లరకును గర్వకారణము.

అయితే ఒక విషయమును మరువరాదు. బీడీపని ఆకును తంబాకును ఇంటికి తెచ్చుకొని చేయదగిన పని. కావున ఊరి వెలుపలి ఇల్లైనను ఆమెకు కర్మాగారమే యగును. కూరగాయలమ్మునామె గంపను, బస్తా మోయు హమాలీ పనిని ఊరి వెలుపలి కాలనీకి తీసికొనిపోవుట సాధ్యము గాదు. వారి పని బజారును విడిచి రాదు. కనుక వారి యిల్లే బజారు చెంతకు రావలయును.

మన మూడు పట్టణములు

ఇక మన పట్టణములను చూతము. భానుపురి యని పూర్వనామముగల సూర్యాపేట హైదరాబాదు, విజయవాడల నడుమ రాజమార్గముపై నున్నది. ఈ పట్టణమునకు రైలు లేదు. దీని వర్తక మంతయు రోడ్డుమీదను మనుష్యుల భుజములమీదను నడచుచున్నది. ఇచ్చటి వ్యవసాయ మార్కెట్టు యార్డులోనికి ధాన్యపు రాశులు వచ్చు దినములలో అడ్తిదారు, ఖరీదుదారు, దడువాయి, హమాలీ, చాటకూలీ యను నైదుగురు కలియనిదే ఒక్క బస్తా కదలదు. ఈ యైదుగురిలో మొదటి యిద్దరికి పట్టణమున సొంత యిండ్లుండును. తక్కిన మువ్వురును ఎక్కడినుండి వచ్చుచున్నారని మనము విచారించితిమా?

కోదాడ ఆ మార్గముననే ఆంధ్ర సరిహద్దుకు చేరువ నున్నది. ఖమ్మము త్రోవ యిచ్చట కలియుచున్నది. సాగరు ఎడమకాలువ ఆయకట్టును, మేళ్లచెరువు, మట్టపల్లి దిక్కుల సిమెంటు కర్మాగారములును ఈ పట్టణమునకు జనమును తెచ్చుచున్నవి. మిర్యాలగూడ సంగతి మీ రెరుంగుదురు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. ఆ నీటితో వరి పెరిగినది. వరితో బియ్యపు మిల్లులు పెరిగినవి. మిల్లులతో హమాలీల యక్కర పెరిగినది. సూర్యాపేట, మిర్యాలగూడలు 2011 జనాభా లెక్కలనాటికే సుమారు లక్ష జనము చొప్పున గల పట్టణములు.

ఈ శ్రామికుల విలువ యెట్టిదో 2020 సంవత్సరము మనకు చూపినది. కరోనా నిర్బంధకాలమున దేశమంతటను కూలీలు స్వస్థలములకు మరలి పోవుచుండగా, ఆ మే నెలలో బిహారునుండి బియ్యపు మిల్లుల హమాలీలు ప్రత్యేకమైన రైలులో లింగంపల్లికి రప్పింపబడిరి. వారు నల్లగొండ, మిర్యాలగూడ మొదలగు చోట్లకు పంపబడిరి. వారు లేనిదే మిల్లులు సాగవని అందులకు కారణము. పని నిలువకుండుటకు రైలు తెప్పించితిమి గాని, ఆ పనివాడు రాత్రి తల వాల్చుటకు గది యెక్కడనని యడిగినచో నేటికిని మనకు తృప్తికరమైన సమాధానము లేదు.

అంతకు పూర్వము ఏప్రిల్ నెలలో సూర్యాపేట కూరగాయల బజారు పరిసరములు ఆ వ్యాధి వ్యాప్తి కొక ముఖ్యస్థాన మయ్యెను. ఆ ప్రాంతము దిగ్బంధింపబడెను. అందులకు అచ్చటి చిల్లర వర్తకులను నిందించుట న్యాయము గాదు. గాలి యాడని యిరుకు సందులలో వేలమందిని ఒక్క వేళకు చేర్చు బజారు ఏ యూరనున్నను అట్లే యగును. బజారు కట్టడము ప్రజారోగ్య విషయమని ఆ నెల మనకు బోధించినది.

హైదరాబాదు నేర్పిన పాఠము

బజారును నివాసమును కలిపి కట్టుట మన దేశమునకు క్రొత్త గాదు. 1908 సెప్టెంబరున మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట నగరమును చక్కదిద్దుటకై 1912లో ఆరాయిషె బల్దా యను నగరాభివృద్ధి మండలి స్థాపింపబడెను. ఆ మండలివారు ఇరుకు పేటలను తీసి రోడ్లు వెడల్పు చేయుటయే గాక, సామాన్యులకు ఇండ్లు కట్టించిరి, బజారులను కట్టించిరి. 1935 నాటి మొజంజాహి మార్కెట్టు వారి కృషియే. చార్మినారు సమీపమున పత్తర్‌గట్టిని మీరందరును చూచియుందురు. రాతి కమానుల వరుసలో క్రింద దుకాణములు, పైన నివాసములు. ఎండవానలు తగులకుండ బాటసారి కమానుల క్రిందనే నడచిపోవచ్చును. వర్తకుడు మెట్లు దిగిన దుకాణము, మెట్లెక్కిన ఇల్లు.

ఆ మండలివారు రోడ్డు, బజారు, ఇల్లు అను మూటిని ఒక్క చేతితో నడపిరి. నేడో, బజారులను ఒక శాఖ కట్టుచున్నది. ఇండ్లను వేరొక శాఖ కట్టుచున్నది. మన రాష్ట్రమున పట్టణములందు శాకములును మాంసమును ఒక్క ఆవరణమున నమ్ము సమీకృత మార్కెట్టులను కట్ట బూనుట మెచ్చదగిన పని. సూర్యాపేటలో అట్టిది 2023 ఆగస్టులో ప్రారంభింపబడినది. కాని ఈ బజారు పథకములలో నివాసము భాగము కాలేదు. అట్లే 2015లో మొదలిడిన రెండు పడకగదుల ఇండ్ల పథకమున, సికింద్రాబాదు బోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీయందు పాత పేట యున్న చోటనే 396 ఇండ్లు కట్టి అచ్చటివారికే యిచ్చిరి. వారు తమ పనులకు దూరము గాలేదు. 2023 జూనులో ప్రారంభింపబడిన కొల్లూరు ఇండ్లు 15,660. సంఖ్యలో అది ఘనకార్యమే. కాని అది నగరపు అంచున నున్నది. నగర మధ్యమున గంప దింపుకొను స్త్రీకి ఆ యింటితోపాటు దూరభారము కూడ లభించును. బజారులేని ఇండ్లును, ఇండ్లులేని బజారులును కట్టుట వలన ఉభయత్రా కొరత మిగులుచున్నది.

పరదేశముల యనుభవము

సింగపూరు ద్వీపమున 1960లో గృహనిర్మాణ మండలి నొకదానిని స్థాపించి, ప్రజలకు వేలకొలది గృహములు కట్టించిరి. ఆ పేటలయందు ఇండ్ల వరుసల నడుమనే బజారును, వండిన పదార్థము లమ్ము చావడిని నిర్మించిరి. 1971 మొదలు 1986 లోపల వీధులలోని చిరుతిండి వర్తకుల నట్టి చావళ్లలోనికి క్రమముగా చేర్చిరి. వారికి నీటికుళాయియు మురుగుకాలువయు సమకూర్చిన తరువాతనే వారిని వీధినుండి లేపిరి. ముందు స్థలము చూపి, తరువాత లేపుట యను నీ క్రమమే ముఖ్యము.

హాలండు దేశమున రోటర్డాము నగరమందు 2014లో తెరువబడిన మార్కెట్టుశాల మరొక నిదర్శనము. అది గుఱ్ఱపులాడము వంటి పెద్ద కమాను. దాని లోపల బజారు. ఆ కమాను మందములోనే 228 ఇండ్లు. బజారుపై జనము హాయిగా నివసింపవచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. కాని ఆ యిండ్లు కలవారికై కట్టినవి. క్రింద నమ్మువారికై యుద్దేశింపబడినవి కావు. శిల్పము సాధ్యమని ఆ నగరము చూపినది. ఎవరికొరకు కట్టవలయునో మనము నిర్ణయించుకొనవలయును.

కట్టవలసిన తీరు

బజారుపై ఇల్లనగానే దుర్గంధము, రొద, ఈగలు అని మీరు శంకింతురు. ఆ శంక సహజము. కావున ఎట్లు కట్టిన నవి యుండవో కొంత వివరించెదను.

మొదటిది, మాంసము, చేపలు అమ్ము భాగము ఇండ్ల క్రింద నుండరాదు. అది ఆవరణమున వేరొక చివర, గాలి యిండ్లవైపు వీచని దిక్కున, ప్రత్యేకమైన కప్పుక్రింద నుండవలయును. ఇండ్ల క్రింద కూరగాయలు, పూలు, పండ్లు, బియ్యము, బట్టలు, కుట్టుపని వంటివి మాత్రమే తగును.

రెండవది, ఇండ్ల మెట్లదారి బజారు లోపలినుండి పోరాదు, ప్రక్కవీధిలోనికి తెరువవలయును. రాత్రి బజారు మూసిన తరువాత ఆడుబిడ్డలు తాళములు వేసిన దుకాణముల నడుమ నడువవలసిన యగత్యము కలుగరాదు. అగ్నిభయమునకై మెట్లు రెండు వైపుల నుండవలయును.

మూడవది, మధ్యమున ఆకాశమునకు తెరచిన వాకిలి యుండవలయును. మన పెద్దలు మండువా లోగిలియందు చేసినదే ఇది. వేడిగాలి పైకి పోవును. వెలుతురు క్రిందికి వచ్చును. ప్రతి యింటికిని రెండు వైపుల కిటికీ లున్నగాని మన మేనెల యెండకు నిలువలేము.

నాల్గవది, లారీలు సరకు దింపు చోటు పడకగదులకు ఎదుటి దిక్కున నుండవలయును. హరాజు తెల్లవారుజాముననే మొదలగును గనుక ఈ జాగ్రత్త లేనిచో పసిబిడ్డలకు నిద్ర యుండదు.

ఐదవది, తడిచెత్త ఏనాటికానాడు తరలవలయును. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు పుట్టించుచున్నట్లు 2021లో ప్రధానమంత్రియే తన ఆకాశవాణి ప్రసంగమున ప్రశంసించిరి. కుళ్లిన ఆకును దీపముగా మార్చు విద్య మన రాజధానియందే యున్నప్పుడు మన పట్టణములకు దుర్లభము గాదు.

ఆరవది, ప్రతి యింటికిని సొంత మరుగుదొడ్డి యుండవలయును. చాళ్ల యనుభవము మనకు నేర్పిన దిదియే. బజారునకు వచ్చు రైతులకును, ముఖ్యముగా స్త్రీలకును వేరుగా నుండవలయును. పై యంతస్తున వెడల్పైన వసారా యొకటి విడువవలయును. అచ్చట కుట్టుమిషనుగాని, రాట్నముగాని, విస్తరాకుల పనిగాని సాగును. అంతస్తులు క్రిందిదిగాక రెండు, మించిన మూడు చాలును. పగలెల్ల బస్తాలు మోసినవాడు రాత్రి ఆరంతస్తు లెక్కజాలడు. యంత్రపు లిఫ్టును పోషించు వ్యయమును ఆ యిండ్లు భరింపజాలవు.

లెక్క

ఇదంతయు మాటలకే గాని లెక్కకు నిలుచునా యని కొందరు వర్తకసోదరు లడుగుదురు. లెక్క చూతము. ఒక యెకరము స్థల మనుకొందము. అది 43,560 చదరపు అడుగులు. అందు సగము మాత్రమే కట్టి, సగము గాలికిని బండ్లకును విడిచితి మనుకొందము. పైన రెండంతస్తులకు మరల 43,560 చదరపు అడుగులు వచ్చును. మెట్లకు, వసారాలకు, గోడలకు మూడవవంతు తీసివేసినను సుమారు 29,000 మిగులును. ఒక్కొక్క యింటికి 30 చదరపు మీటర్లు, అనగా సుమారు 323 చదరపు అడుగు లనుకొందము. ఆ లెక్కన సుమారు 90 కుటుంబములు నివసింపవచ్చును. బజారున కొక్క యడుగైనను తగ్గలేదని గమనింపుడు. ఇన్నాళ్లును మనము వృథాగా విడిచినది బజారు మీది యాకాశమును మాత్రమే.

శ్రామికుని లెక్కయు చూడుడు. రానుపోను ఆటో ఖర్చు దినమునకు 40 రూపాయలే యనుకొన్నను, నెలకు 26 పనిదినములకు 1,040 రూపాయలు. అది గాలిలో కలియు ధనము. ఆ ధనమే అద్దెగా మారినచో ఇంటి మరమ్మతునకు నిధి యేర్పడును. ఇక క్రింది దుకాణముల యద్దె పై యిండ్ల యద్దెకు కొంత యూత నీయవలయును. దుకాణము నాలుగు రూపాయలు సంపాదించునది యా శ్రామికుని చేతులవలననే గదా!

ఈ యిండ్లను అమ్మరాదు. అద్దెకు మాత్రమే యీయవలయును. అమ్మితిమా, పదేండ్లలో అవి ధనికుల గిడ్డంగు లగును. కేంద్ర ప్రభుత్వమువారు 2020లో తక్కువ యద్దె గృహసముదాయముల పథకమును ప్రకటించిరి. 2024లో మొదలైన ప్రధానమంత్రి పట్టణ గృహ పథకపు రెండవ భాగమునందును అద్దెయిండ్లకు ప్రత్యేక విభాగ మున్నది. మార్గ మున్నది; అడుగువారు లేరు.

శంకలు, సమాధానములు

పాత బజారును పడగొట్టి క్రొత్తది కట్టు నెపమున అచ్చటి చిల్లర వర్తకులను త్రోసివేయుదురేమో యను భయము న్యాయమైనది. 2014 నాటి వీధి వర్తకుల రక్షణ చట్టము ప్రకారము ముందుగా వారి గణన జరిగి ధ్రువపత్రము లీయవలయును. అంతవరకు వారిని లేపరాదు. పట్టణ విక్రయ సంఘమునందు నూటికి 40 మందికి తగ్గకుండ వీధి వర్తకుల ప్రతినిధు లుండవలయును. ఈ చట్టమును మన విద్యావంతులు చదివి, గంపమోయు తల్లులకు విప్పి చెప్పినచో అదియే గొప్ప సంఘసేవ.

మరొక ప్రశ్న సున్నితమైనది. మన సంఘ స్థలమున ఇండ్లు కట్టినచో అవి మన కులమువారికే యీయవలదా యని కొందరు పెద్దలు నన్నడిగిరి. నా మనవి యిది. బజారు ఏ యొక్క కులముతోను నడువదు. హమాలీ యొక కులము, దడువాయి యొక కులము, బిహారు పిల్లవాని కులము మనమెరుగము. క్రింద కలసి శ్రమించువారిని పైన విడదీసినచో, మనము కట్టునది గృహము గాదు, గోడ. మన బీద కుటుంబములకు తగిన పాలు తప్పక నుండవలెను. కాని తక్కిన భాగము పనిని బట్టియే యీయవలయును. పరాయి యూరైన బొంబాయిలో మనవారికిని తల దాచుకొనుటకు గది దొరకినది. ఆ ఋణము మనమీద నున్నది.

ఇక కల్యాణమంటపము మాట. మన సంఘములకు స్థలము లభించినప్పుడెల్ల మొదట తోచునది మంటపమే. పెండ్లిండ్లకు చోటు వలసినదే, కాదనను. అయితే మంటపము ముహూర్తములున్న దినములందు మాత్రమే నిండును. తక్కిన దినములు తాళము. దుకాణములు, ఇండ్లు ఏడాది పొడవునను నిండియుండును. ఆ యద్దెతో మన విద్యార్థి వసతిగృహమును నడపవచ్చును. వితంతువులకు సాయము చేయవచ్చును. మంటప మొక దినపు ప్రతిష్ఠ. గృహము ప్రతిదిన ప్రతిష్ఠ.

విన్నపము

కావున ఈ మహాసభవారి పరిశీలనకై మూడు తీర్మానములను సూచించుచున్నాను. ఒకటి: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పురపాలక సంఘములు ఇకపై కట్టు లేదా పునర్నిర్మించు ప్రతి బజారు పథకమునందును, ఆ బజారు శ్రామికులకు అద్దెయిండ్లను చేర్చవలెనని ప్రభుత్వమును కోరుట. రెండు: మూడు పట్టణములలోని హమాలీలు, చాటకూలీలు, తోపుడుబండ్లవారు, దుకాణ గుమాస్తాలు రాత్రి ఎచ్చట నిద్రించుచున్నారో, పనికి వచ్చుటకేమి వ్యయపడుచున్నారో మన యువజనులచే ఈ వేసవి సెలవులలో ఇంటింట విచారణ చేయించుట. మూడు: మన సంఘ స్థలములలో బజారునకు చేరువనున్న యొక్కదానియందు, చిన్నదైనను సరే, క్రింద దుకాణములు పైన పండ్రెండు గృహములు గల కట్టడమునకు వ్యయపు టంచనా వేయించి రాబోవు వార్షిక సభయెదుట నుంచుట.

రెండవ తీర్మానమును ముఖ్యముగా పట్టుకొనుడని నా మనవి. లెక్కలు చేతనుండిన వారి విన్నపమును ఏ యధికారియు త్రోసివేయజాలడు. షోలాపురపు స్త్రీలు గెలిచినది కన్నీటితో గాదు. సంఘబలముతోను, పేరుపేరున వ్రాసిన పట్టికలతోను.

సోదరులారా! పడుగొక్కటియే బట్ట కాదు. పేక యొక్కటియే బట్ట కాదు. పట్టణమునకు బజారు పడుగైనచో, శ్రామికుని యిల్లు పేక. ఈ రెంటిని కలుపు నేర్పు మన చేతులకు తరతరములుగ నున్నది. మన పట్టణములింకను బొంబాయి వలె నిండిపోలేదు. స్థలమున్నప్పుడే, వ్యవధి యున్నప్పుడే ఈ పనికి పూనుకొందుము గాక!